కళావతి కథ నుంచి సెల్‌ఫోన్ దాకా: చెప్పేదెవరు, చూసేదెవరు?

అన్నవరంలో రత్నగిరి మీది వ్రతమండపాల్లో ఏడాది పొడుగునా ఒకే కథ వినిపిస్తూ ఉంటుంది. కొత్తగా పెళ్ళయిన జంటలు, ఇల్లు కట్టుకున్నవాళ్ళు, మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్ళు పీటల మీద కూర్చుని, అక్షతలు చేత పట్టుకుని అయిదు అధ్యాయాలూ వింటారు. కొండ మీద స్వామి వెలసింది 1891లో. పెళ్ళికో గృహప్రవేశానికో ఈ కథ వినని హిందూ కుటుంబం గోదావరి జిల్లాల్లో అరుదు. మీడియా అనగానే మనకు పత్రిక, టీవీ, సినిమా, సెల్‌ఫోన్ గుర్తొస్తాయి. కానీ ఒకరు చెబుతుండగా వేలమంది విని, విన్నదాన్ని బట్టి ఏది తప్పో ఏది ఒప్పో నేర్చుకునే ఏర్పాటు ఏదైనా మాధ్యమమే. అలా చూస్తే సత్యనారాయణస్వామి వ్రతకథ మన ప్రాంతంలో జనం నోళ్ళలో బాగా నానిన మాధ్యమాల్లో ఒకటి. స్త్రీవాదులు మీడియాను ఎలా చదువుతారో తెలుసుకోవాలంటే అమెరికా దాకా పోనక్కర్లేదు. ఈ కొండ మీద కూర్చుని, చెవిన పడుతున్న కథను కాస్త నిదానంగా వింటే చాలు.

కథలో సాధువనే వర్తకుడు సంతానం కలిగితే వ్రతం చేస్తానని మొక్కుకుంటాడు. కూతురు కళావతి పుడితే, ఆమె పెళ్ళికి చేద్దాంలే అంటాడు. పెళ్ళయ్యాక ఆ మాటే మరిచిపోతాడు. మామా అల్లుళ్ళు వ్యాపారానికి పోయి, చేయని దొంగతనానికి చెరసాల పాలవుతారు. ఇంటి దగ్గర భార్య లీలావతి, కూతురు కళావతి తిండికి లేక అల్లాడతారు. ఆకలితో బయటికెళ్ళిన కళావతి ఒకరింట్లో వ్రతం చూసి, ప్రసాదం తిని, పొద్దుపోయాక ఇల్లు చేరుతుంది. తల్లి మొదట అడిగేది తిన్నావా అని కాదు, ఇంత రాత్రివేళ ఎక్కడున్నావని. చివరికి ఆ ఇద్దరాడవాళ్ళూ చేసిన వ్రతం వల్లే మగవాళ్ళకు విడుదల దొరుకుతుంది. తీరానికి చేరిన భర్తను చూడాలన్న ఆత్రంలో కళావతి ప్రసాదం తీసుకోకుండా పరుగెత్తేసరికి, పడవతో సహా భర్త కనబడకుండా పోతాడు. అయిదో అధ్యాయంలో తుంగధ్వజ మహారాజు గొల్లలు ఇచ్చిన ప్రసాదాన్ని చులకన చేసి సర్వం పోగొట్టుకుంటాడు. తిరిగి ఆ గొల్లల దగ్గరికే వెళ్ళి వాళ్ళతో కలిసి పూజ చేశాకే అవన్నీ దక్కుతాయి.

ఈ కథను భక్తితో విన్నవారికీ, విమర్శతో చదివినవారికీ కనబడే సంగతులు అవే. తేడా అడిగే ప్రశ్నల్లో ఉంటుంది. ఏళ్ళ తరబడి మాట తప్పిన తండ్రి దోషమూ, ఒక్క క్షణం ఆత్రపడిన కూతురి దోషమూ ఒకే తూకానికి ఎలా వచ్చాయి? ఇంటిని నిలబెట్టింది ఆడవాళ్ళయితే, కథ వాళ్ళనే ఎందుకు నిలదీసింది? అదే కథ కులగర్వాన్ని ఎందుకంత గట్టిగా శిక్షించింది? ఇలా అడగడం దేవుణ్ణి తప్పు పట్టడం కాదు. కథలో ఆడవాళ్ళకిచ్చిన బలాన్నీ, వాళ్ళ మీద పెట్టిన కాపలానీ రెండింటినీ చూడటం. స్త్రీవాద మీడియా అధ్యయనం అంటే తిట్లు ఎక్కడెక్కడున్నాయో ఏరి లెక్కపెట్టడమని చాలామంది అనుకుంటారు. నిజానికి అది మూడు ప్రశ్నల చదువు. చెబుతున్నదెవరు? ఎవరిని ఎలా చూపిస్తున్నారు? ఏది చెప్పాలో, ఏది చెప్పకూడదో తేల్చే అధికారం ఎవరి చేతిలో ఉంది? నా వాదన ఏమిటంటే, ఈ మూడింటిలో మూడోదే అసలైనది. బొమ్మ మారినంత మాత్రాన సరిపోదు, బొమ్మ గీసే చెయ్యి మారాలి. గోదావరి గడ్డ మీద నూట నలభై ఏళ్ళ చరిత్ర ఇదే చెబుతోంది.

1883లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం స్త్రీల కోసం సతీహితబోధిని పత్రిక పెట్టారు. అంతకు రెండేళ్ళ ముందే, 1881 డిసెంబరు 11న, అదే ఊళ్ళో ఆయన మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆడవాళ్ళు చదవాలని లోకాన్ని ఎదిరించిన మనిషాయన, ఆ రుణం తీరేది కాదు. అయితే ఆ పత్రికలో ఆడవాళ్ళకు ఏది హితమో నిర్ణయించింది మగవారే. 1902లో ఏలూరులో సత్తిరాజు సీతారామయ్య హిందూసుందరి పత్రిక ప్రారంభించారు, తర్వాత అది కాకినాడ చేరింది. మొసలికంటి రమాబాయమ్మ, వెంపలి శాంతాబాయమ్మ వంటి స్త్రీలు దానికి సంపాదకులయ్యారు. ఆడవాళ్ళు చదువరులుగా మిగలక రాసేవాళ్ళుగా మారింది ఇలాంటి చోటే. భండారు అచ్చమాంబ ధనత్రయోదశి కథ 1902లో అచ్చయింది ఆ పత్రికలోనే. గురజాడ దిద్దుబాటు వచ్చింది 1910లో. అయినా దశాబ్దాల పాటు మన పాఠ్యపుస్తకాలు తొలి తెలుగు కథ దిద్దుబాటే అని నేర్పాయి. దిద్దుబాటు శిల్పం ఆధునికమైనది, అందుకే అది తొలి కథ అని వాదించేవారున్నారు. ఆ వాదనలో బలం లేకపోలేదు. కానీ ఆధునికతకు కొలతలు నిర్ణయించిన బల్ల దగ్గర అచ్చమాంబ తరఫున మాట్లాడేవారు ఎంతమంది ఉన్నారన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే. ముందు ఆమె కథ ఉందన్న సంగతి తెలిస్తే గదా, అది గొప్పదా కాదా అని తర్కించేది.

అధికారం ఎంత దూరం పోగలదో ముద్దుపళని ఉదంతం చూపిస్తుంది. పద్ధెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ఆమె రాసిన రాధికాసాంత్వనాన్ని వీరేశలింగం తన కవుల చరిత్రలో తీవ్రంగా తప్పుపట్టారు. స్త్రీ నోట ఆ శృంగారం రాకూడదన్నది ఆయన అభ్యంతరం. ఆ కావ్యాన్ని వెతికి పట్టుకుని 1910లో పూర్తి పాఠంతో అచ్చువేయించింది గాయని బెంగుళూరు నాగరత్నమ్మ. సిగ్గు అనేది స్త్రీలకేనా, మగకవుల కావ్యాల్లో అంతకు మించిన వర్ణనలు లేవా అని ఆమె నిలదీసింది. బ్రిటిష్ ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. 1947లో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ఆ నిషేధాన్ని ఎత్తేసింది. స్త్రీల మేలు కోరే సంస్కర్తా, పరాయి ప్రభుత్వమూ ఈ ఒక్క విషయంలో ఒకే వైపున నిలిచారు. మంచివాళ్ళ చేతిలో ఉన్నా సరే, ఎవరు మాట్లాడాలో తేల్చే అధికారం ఒకవైపే ఉంటే నోళ్ళు మూతపడతాయని దీన్నిబట్టి తెలుస్తుంది. తర్వాత కె.లలిత, సూసీ తారు కలిసి కూర్చిన భారతీయ స్త్రీల రచనల సంపుటాలు ఈ ఉదంతాన్ని దేశమంతటికీ, ప్రపంచానికీ తెలియజేశాయి.

ఇదంతా పడమటి దేశాల నుంచి అరువు తెచ్చుకున్న సిద్ధాంతమని ఒక ఆక్షేపణ ఉంది. పడమట జరిగిన కృషిని కాదనలేం. 1975లో బ్రిటిష్ విమర్శకురాలు లారా మల్వీ, హాలీవుడ్ సినిమాలో కెమెరా మగవాడి కన్నై స్త్రీని చూడదగ్గ వస్తువుగా మారుస్తుందని వివరించింది. 1992లో నల్లజాతి రచయిత్రి బెల్ హుక్స్, ఆ సినిమాల్లో తనలాంటివాళ్ళకు చోటే లేదనీ, అందుకే నల్లజాతి స్త్రీలు తెరను ప్రశ్నిస్తూ చూడటం నేర్చుకున్నారనీ రాసింది. కానీ మన దగ్గరా ఈ ఆలోచన సొంతంగానే పుట్టింది. తెలంగాణలో జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు కెమెరా పట్టడం నేర్చుకున్నారు. బడికి పోని కూలీలు వాళ్ళు. పైనుంచి కిందికి చూసే షాట్‌ను పటేల్ షాట్ అన్నారు, ఎందుకంటే దొర తమను చూసేది అలాగే. కింద నుంచి పైకి చూసేది వెట్టిచాకిరీ చేసేవాడి చూపు. కళ్ళకు సరిగ్గా ఎదురుగా పెట్టేది సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే ఎత్తున కూర్చుంటారు. మల్వీ వ్యాసం చదివి వాళ్ళు ఈ పేర్లు పెట్టలేదు. చూపులో అధికారం ఉంటుందని ఒంటి మీద పడ్డ చూపులే నేర్పాయి. ఇంతకంటే తేలికగా, ఇంత లోతుగా సినిమా సిద్ధాంతాన్ని చెప్పిన పాఠ్యపుస్తకం నాకు తెలిసి లేదు.

ఆ చేతులకు కెమెరా దొరికాక ఏం తీశారన్నది ఇంకా ముఖ్యం. వరంగల్ పత్తి రైతులు జన్యుమార్పిడి చేసిన బీటీ విత్తనంతో ఎలా నష్టపోయారో పొలాల వెంట తిరిగి చిత్రించారు. చిరుధాన్యాల మీద, విత్తనాల మీద సినిమాలు తీశారు. 2008లో మాచ్‌నూర్‌లో సంఘం రేడియోను తామే నడపడం మొదలుపెట్టారు. స్త్రీల చేతికి మీడియా ఇస్తే వంటలూ అందచందాలూ తప్ప ఏముంటాయనేవారికి ఇదే జవాబు. పత్రికల్లో స్త్రీల పేజీ అని వేరే పెట్టి, మిగిలిన పేజీలన్నీ మగవారి లోకంగా వదిలేయడం మనకు అలవాటైపోయింది. ప్రపంచవ్యాప్తంగా వార్తలను గమనించే గ్లోబల్ మీడియా మానిటరింగ్ ప్రాజెక్టు లెక్కల్లో, వార్తల్లో కనిపించే, వినిపించే మనుషుల్లో స్త్రీలు 1995లో 17 శాతం, 2020లో 25 శాతం. పాతికేళ్ళలో పెరిగింది ఎనిమిది శాతం పాయింట్లే.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. స్త్రీ అన్న ఒక్క మాటలో అందరు స్త్రీలూ ఇమడరు. అమెరికాలో న్యాయశాస్త్ర పండితురాలు కింబర్లీ క్రెన్షా 1989లో ఒక కోర్టు కేసును ఉదాహరణగా తీసుకుంది. ఒక కార్ల కంపెనీ మీద నల్లజాతి స్త్రీలు వివక్ష కేసు వేశారు. కంపెనీలో స్త్రీలున్నారు గదా, నల్లవారున్నారు గదా అని కోర్టు కొట్టేసింది. ఆఫీసులో ఉన్న స్త్రీలు తెల్లవారు, ఫ్యాక్టరీలో ఉన్న నల్లవారు మగవారు. నల్లజాతి స్త్రీ ఆ రెండు లెక్కల మధ్యా జారిపోయింది. అక్కడ జాతి చేసిన పని ఇక్కడ కులం చేస్తుంది. తెలుగులో స్త్రీవాద కవిత్వం ఉప్పెనలా వచ్చిన రోజుల్లో జయప్రభ పైటను తగలెయ్యాలని రాసింది. పైట ఆమెకు స్త్రీ శరీరం మీద పెట్టిన కాపలా. దానికి జూపాక సుభద్ర కవిత్వంలోనే బదులిచ్చింది. కూలిపని చేసే దళిత స్త్రీకి కొంగు చెమట తుడిచేది, పనిలో ఆసరా అయ్యేది, కష్టంలో తోడుండేది. గుడ్డ అదే, అది కప్పిన బతుకులే వేరు. ఇద్దరిలో ఒకరు తప్పని తీర్పు చెప్పడం తేలిక. ఇద్దరి మాటా వినబడే చోటు ఉన్నప్పుడే స్త్రీవాదం పూర్తవుతుందన్నది నిజం. గోగు శ్యామల కూర్చిన నల్లపొద్దు దళిత స్త్రీల రచనలకు అలాంటి చోటే ఇచ్చింది.

స్త్రీల సంగతి మాట్లాడుతూ మధ్యలో కులం ఎందుకు, ఉన్న ఐకమత్యం చెడుతుంది గదా అనేవారు మన మధ్య ఉన్నారు. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి చేసిన అధ్యయనం వార్తాసంస్థల్లో 121 నాయకత్వ పదవులను పరిశీలించింది. వాటిలో 106 అగ్రకులాలవారివి. దళితులు, ఆదివాసీలు ఒక్కరూ లేరు. కులం మాట ఎత్తనంత మాత్రాన కులం న్యూస్‌రూమ్‌లో నుంచి లేచిపోలేదు. ఎత్తకపోవడం వల్ల కనబడకుండా ఉంది, అంతే. దాని ఫలితం పేజీల్లో చూడొచ్చు. దళిత స్త్రీ బాధితురాలిగా ఫొటోలో కనిపిస్తుంది గానీ, వ్యవసాయం మీదో బడ్జెట్ మీదో అభిప్రాయం చెప్పే మనిషిగా కనిపించదు. ఒంటి రంగు సంగతీ ఇంతే. 1975 నుంచి మన ఇళ్ళల్లో తెలుపును అందంగా అమ్మిన క్రీము 2020లో పేరు మార్చుకుంది గానీ, తెలుగు సినిమా కథానాయిక రంగు పెద్దగా మారలేదు.

యంత్రానికి కులం, లింగం ఉండవు గదా, డిజిటల్ లోకంలో అందరూ సమానమే గదా అన్నది కొత్త తరం ఆక్షేపణ. 2018లో పరిశోధకురాళ్ళు జాయ్ బులమ్వీని, టిమ్నిట్ గెబ్రూ ముఖాన్ని చూసి ఆడా మగా చెప్పే కంప్యూటర్ వ్యవస్థలను పరీక్షించారు. తెల్లని మగవారి విషయంలో తప్పు 0.8 శాతం దాటలేదు. నల్లని స్త్రీల విషయంలో అది 34.7 శాతం దాకా పోయింది. ఎవరి ఫొటోలు పెట్టి నేర్పితే వారినే యంత్రం గుర్తుపడుతుంది. మన సంగతి చూస్తే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతం, మగవారు 48.8 శాతం. సొంతంగా వాడుకోవడానికి ఫోన్ ఉన్న స్త్రీలు 48.9 శాతం. ఆ తర్వాత ఈ అంకెలు పెరిగి ఉంటాయి. కానీ ఆ లోకానికి నియమాలూ భాషా అలవాట్లూ స్థిరపడిన రోజుల్లో మన ఆడవాళ్ళలో ఎక్కువమంది గుమ్మం బయటే ఉన్నారు.

2020 ఫిబ్రవరి 8న రాజమండ్రిలో స్త్రీల రక్షణ కోసం దిశ పోలీసు స్టేషన్, దిశ యాప్ ప్రారంభమయ్యాయి. శంషాబాద్ దగ్గర 2019 నవంబరులో ఒక యువ పశువైద్యురాలి మీద జరిగిన ఘోరం వాటి వెనక ఉంది. అప్పుడు మీడియా ఎలా నడిచిందో గుర్తు చేసుకోవాలి. అత్యాచార బాధితురాలి పేరు బయటపెట్టకూడదని చట్టం చెబుతుండగానే ఆమె పేరూ ఫొటోలూ దేశమంతా ఫోన్లలో తిరిగాయి. న్యాయం కోరినవాళ్ళే ఆ పేరును హ్యాష్‌ట్యాగ్ చేశారు. ఆమె తన చెల్లెలికి కాకుండా పోలీసుల 100 నంబరుకు ఫోన్ చేసి ఉండాల్సిందని బాధ్యత గల పదవిలో ఉన్నవారే అన్నారు. ఇంత రాత్రివేళ ఎక్కడున్నావన్న లీలావతి ప్రశ్న వ్రతకథలోనే ఆగిపోలేదు. డిసెంబరు 6న నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోతే, జనం పోలీసుల మీద పూలు చల్లిన దృశ్యాలను టీవీలు పదే పదే చూపించాయి. ఆ కాల్పుల గురించి పోలీసులు చెప్పింది నమ్మదగింది కాదని 2022లో సిర్పుర్కర్ కమిషన్ తేల్చినప్పుడు ఆ సందడిలో పదో వంతు కూడా లేదు. ఇక యాప్ విషయానికొస్తే, రక్షణ కోరే ప్రయత్నాన్ని తప్పుపట్టను. కానీ ఫోన్ సొంతంగా ఉన్న స్త్రీలు సగం మంది కూడా లేరని సర్వే చెబుతున్న రాష్ట్రంలో, ఆ ఫోన్‌లోనే రక్షణ పెట్టారు. ఎవరి బతుకును మనసులో పెట్టుకుని ఒక యంత్రాన్ని తయారు చేస్తారో, అది వారికే పనికొస్తుంది.

2023 నవంబరులో నటి రష్మిక మందన్న డీప్‌ఫేక్ వీడియో బయటికొచ్చినప్పుడు ఇంకో పాఠం దొరికింది. లిఫ్టులోకి వస్తున్న ఆ శరీరం బ్రిటన్‌లో ఉండే భారతీయ సంతతి యువతిది. దాని మీద రష్మిక ముఖం అతికించారు. దేశం రష్మిక కోసం ఆగ్రహించింది, అది న్యాయమే. కానీ ముఖం చెరిపేసి శరీరాన్ని మాత్రమే మిగిల్చిన ఆ రెండో యువతి గురించి అడిగినవారు తక్కువ. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు అరెస్టు చేసింది గుంటూరు ప్రాంతానికి చెందిన ఇంజినీరింగ్ చదివిన యువకుణ్ణి. తాను నడిపే అభిమానుల పేజీకి ఫాలోవర్లను పెంచుకోవడానికే చేశానని అతను చెప్పినట్టు పోలీసులు ప్రకటించారు. అంటే ద్వేషం కాదు, అభిమానమే ఇందుకు మూలం. ఆడదాని బొమ్మ ఎంత వింతగా ఉంటే అంతమందికి చూపించి, ఆ చూపులను డబ్బు చేసుకునే వ్యవస్థ అభిమానిని అటు తోసింది. మగవారిని కూడా ట్రోల్ చేస్తారు గదా అంటే, చేస్తారు. మగవాణ్ణి ఎక్కువగా అతని మాటకు తిడతారు, ఆడదాన్ని ఆమె ఒంటికి తిడతారు. ఆ తేడా ఉన్నంత కాలం రెండూ ఒకటి కావు.

ఇక చివరి ఆక్షేపణ. సీరియళ్ళు చూసేది ఆడవాళ్ళే, వాళ్ళకు నచ్చిందే చూస్తున్నారు, మధ్యలో మీకేం బాధ అని. ఆడవాళ్ళ ఇష్టాన్ని చులకన చేసే హక్కు ఏ విమర్శకులకూ లేదు. అయితే ఇష్టమూ అధికారమూ ఒకటి కావు. చూసేవాళ్ళు లక్షల్లో ఉన్నా, ఏది తీయాలో నిర్ణయించే గదిలో వాళ్ళు లేకపోతే, ఉన్నవాటిలో ఏదో ఒకటి ఎంచుకోవడమే వాళ్ళకు మిగులుతుంది. సినిమా రంగంలోనూ ఇదే తంతు. తెలుగు సినిమా పరిశ్రమలో లైంగిక వేధింపుల మీద తెలంగాణ ప్రభుత్వం వేసిన కమిటీ నివేదిక ఇచ్చినా, 2024 ఆగస్టు నాటికి దాన్ని బయటపెట్టలేదు. ఆ నెలలో కేరళ సినిమా రంగంలోని ఇలాంటి సంగతుల మీదే హేమ కమిటీ ఇచ్చిన నివేదిక బయటికొచ్చాక, మన నివేదికనూ ప్రచురించమని నటి సమంత బహిరంగంగా అడగాల్సి వచ్చింది. తెర మీద ఎన్ని శక్తివంతమైన స్త్రీ పాత్రలు వచ్చినా, తెర వెనక మాట్లాడిన స్త్రీల గొంతు బీరువాలో ఉండిపోతే ఆ పాత్రలతో ఒరిగేది తక్కువ.

చేయాల్సింది చాలావరకు మన చేతుల్లోనే ఉంది. హైస్కూలు తెలుగు పాఠాల్లో అచ్చమాంబనూ గురజాడనూ పక్కపక్కన పెట్టి చదివించవచ్చు. జర్నలిజం కోర్సుల్లో పస్తాపూర్ స్త్రీల సినిమాలు చూపించి, పటేల్ షాట్ నుంచి పాఠం మొదలుపెట్టవచ్చు. పత్రికలు తమ సంపాదక బల్ల దగ్గర ఎవరున్నారో ఏడాదికోసారి లెక్క చెప్పవచ్చు. ఫోన్లో వచ్చిన ఆడపిల్ల వీడియోను ముందుకు పంపే ముందు ప్రతి ఒక్కరూ ఒక్క క్షణం ఆగవచ్చు. పాఠకులకు నా విన్నపం ఇదే. వార్త చదివినా, సీరియల్ చూసినా, వ్రతకథ విన్నా, చెబుతున్నదెవరు, చూపిస్తున్నదెవరిని, తేల్చే అధికారం ఎవరిదని అడగండి. మీ ఇంటి ఆడపిల్లకు ఆ ప్రశ్నలు నేర్పండి. ఆమె అడిగినప్పుడు ఓపిగ్గా జవాబు చెప్పండి.